పాత క్యాసెట్ డెక్‌లో మళ్ళీ పాటలు వినాలంటే

క్యాసెట్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది వెనకాల బుస్సుమనే చప్పుడు, సాగుతూ వణికే గొంతు, దుప్పటి కప్పి వినిపిస్తున్నట్టుండే పాట. అందుకే ఎవరైనా మళ్ళీ క్యాసెట్లు వింటున్నానంటే పాత రోజుల మీద మమకారం అనేసి ఊరుకుంటారు. నేను ఒప్పుకోను. సరిగ్గా ఉన్న డెక్‌లో బాగా రికార్డయిన టేపు పెట్టి చూడండి, పియానో స్వరం వణక్కుండా నిలబడుతుంది, గొంతులో ఊపిరి కూడా వినిపిస్తుంది. మనం క్యాసెట్‌కి అంటగట్టిన లోపాల్లో ఎక్కువ భాగం ముప్ఫై నలభై ఏళ్ళుగా ఎవరూ మూత తీసి చూడని మెషిన్‌వి. కాబట్టి ముందు మెషిన్ సంగతి చూడండి, పాటల సంగతి తర్వాత.

మెషిన్ ఎందుకంత ముఖ్యమో కొన్ని అంకెలు చూస్తే అర్థమవుతుంది. క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మి.మీ. అందులో నాలుగు ట్రాకులు, అటు వైపు రెండు, ఇటు వైపు రెండు. అంటే ఒక్కో ట్రాకుకి దక్కేది దాదాపు 0.6 మి.మీ. అది సెకనుకి 4.76 సెం.మీ. వేగంతో, చాలా నెమ్మదిగా, ధ్వనిని చదివే హెడ్‌ని రాసుకుంటూ వెళ్తుంది. ఇంత ఇరుకులో హెడ్ మీద కాస్త మడ్డి చేరినా, హెడ్ వెంట్రుకవాసి వంగినా ముందు పోయేది ట్రెబులే, అంటే సన్నటి పైస్థాయి ధ్వనులే. 1963లో ఫిలిప్స్ వాళ్ళు దీన్ని బయటపెట్టినప్పుడు మాటలు రికార్డు చేసుకుంటే చాలనుకున్నారు. తర్వాత బుస్సుమనే చప్పుడు తగ్గించే డాల్బీ బి వచ్చింది, క్రోమ్ పూత టేపు వచ్చింది, 1973లో జపాన్ కంపెనీ నకమిచి మూడు హెడ్‌ల (చెరపడానికి, రికార్డుకి, ప్లేకి వేరువేరుగా) డెక్ తెచ్చింది, 1979లో మెటల్ టేపు వచ్చింది, అలా ఒక్కో మెట్టు ఎక్కుతూ ఇది సంగీతానికి పనికొచ్చే స్థాయికి చేరింది. అందుకే వెతికేటప్పుడు 1970ల చివరి నుంచి 1990ల మధ్య దాకా తయారైన డెక్కుల మీద దృష్టి పెట్టండి. ఇప్పుడు కొత్తగా దొరికేవాటిలో చాలావరకు లోపలి మెకానిజం చౌకరకం, డాల్బీ సర్క్యూట్ కూడా ఉండదు.

కొనేటప్పుడు పేరు చూసి మోజుపడకండి. పేరున్న డెక్ పాడైతే బాగుచేయడం కూడా అంతే కష్టం. రెండు క్యాసెట్లు పట్టే డెక్ కంటే ఒక్కటే పట్టేది మేలు. ఆటో రివర్స్ సౌకర్యంగానే ఉంటుంది గానీ చాలావాటిలో హెడ్ అటూ ఇటూ తిరగాలి కాబట్టి దాని కోణం కచ్చితంగా నిలవడం కష్టం, మొదటి డెక్‌కి వద్దంటాను. రెండు హెడ్‌ల సాదా డెక్, డాల్బీ బి, సి ఉన్నది, వినడానికి చక్కగా సరిపోతుంది. "పవర్ ఆన్ అవుతుంది, టెస్ట్ చేయలేదు" అని అమ్మేవాళ్ళు చెప్తే అది పాడైన డెక్ అనుకునే బేరమాడండి. వీలైతే ఎదురుగా ప్లే, రివైండ్, ఫాస్ట్ ఫార్వర్డ్, స్టాప్ అన్నీ నొక్కించి చూడండి, రివైండ్ చివరిదాకా తడబడకుండా వెళ్తుందా లేదా గమనించండి. టార్చ్ వేసి హెడ్ చూడండి, టేపు రాసుకునే చోట మెట్టులాగా గాడి పడి ఉంటే వదిలేయండి. వెనక ప్లేటు మీద వోల్టేజ్ తప్పకుండా చదవండి. 100, 120, 220-240 వోల్టుల రకాలున్నాయి, తప్పు ప్లగ్గులో పెడితే డెక్ అక్కడితో సరి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఇంటికి తెచ్చిన డెక్‌లో మొదట పెట్టే క్యాసెట్ పోయినా బాధలేనిది అయ్యుండాలి. నేను మొదట కొన్న డెక్‌ని "అంతా పనిచేస్తుంది" అని అమ్మారు. ఉత్సాహం ఆగక, చెల్లెలు చిన్నప్పుడు పద్యం చెప్తుంటే రికార్డు చేసిన క్యాసెట్ పెట్టేశాను. కుడి రీలు తిరగడం లేదని గమనించేలోపు టేపు పించ్ రోలర్‌కి, అంటే టేపుని ముందుకి లాగడానికి అదిమిపట్టే రబ్బరు చక్రానికి, చుట్టుకుపోయింది. మెల్లగా విడదీశాను గానీ జానెడు టేపు నలిగింది. జానెడంటే దాదాపు ఐదు సెకన్లు. ఆ ఐదు సెకన్ల దగ్గర తన గొంతు ఇప్పటికీ మునిగి తేలుతుంది. కారణం ఏమిటంటే రీలుని తిప్పే ఇంకో చిన్న రబ్బరు చక్రం గట్టిపడిపోయింది, అంతే.

అందుకని మూత తీయండి. ప్లగ్ పీకేసి, కాసేపు ఆగి, కరెంటు లోపలికి వచ్చే వైపు, పెద్ద కెపాసిటర్ల దగ్గర వేళ్ళు పెట్టకుండా పని చేయండి. ఏ భాగం ఊడదీసే ముందైనా ఫోన్‌తో ఫోటో తీసుకోండి, బెల్ట్ ఏ పుల్లీ చుట్టూ ఎలా వెళ్ళిందో రేపటికి గుర్తుండదు. ఎక్కువ డెక్కుల్లో మొదట పోయేవి బెల్టులే. కొన్ని సాగి వదులవుతాయి, కొన్ని ఏకంగా తారులా కరిగి పుల్లీలకి అంటుకుపోతాయి. అలా కరిగినదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ఓపిగ్గా తుడవాలి, ఇసుమంత మిగిలినా కొత్త బెల్ట్ జారుతుంది లేదా ఎగురుతుంది. క్యాప్‌స్టన్‌ని, అంటే టేపుని ఒకే వేగంతో లాగే కడ్డీని, తిప్పేది సాధారణంగా బల్లపరుపు బెల్ట్, మిగతా పనులకి చదరపు కోతవి. మోడల్ నంబర్ పెట్టి వెతికితే చాలావాటికి సెట్లు దొరుకుతాయి. దొరక్కపోతే బెల్ట్ వెళ్ళే దారి చుట్టూ దారం తిప్పి కొలిచి, అంతకంటే కొద్దిగా చిన్నది తీసుకోండి. మరీ బిగువుగా ఉంటే మోటార్ బేరింగ్ మీద భారం పడుతుంది.

తర్వాత ఐడ్లర్, అంటే మోటార్ బలాన్ని రీళ్ళకి అందించే రబ్బరు టైరు చక్రం. రివైండ్ మధ్యలో ఆగుతోందన్నా, నా క్యాసెట్‌కి జరిగినట్టు కుడి రీలు టేపుని చుట్టుకోవడం లేదన్నా, ముందు దీన్నే అనుమానించండి. టైరు మార్చడమే సరైన పని. తాత్కాలికంగా సన్నటి గరుకు కాగితంతో దాని మెరుపు పోయేలా తేలిగ్గా రుద్దితే కొన్నాళ్ళు పట్టు వస్తుంది. పాత గ్రీజు జిగురులా గట్టిపడి ఉంటే తుడిచేసి కొత్తది కొద్దిగా రాయండి. స్ప్రే డబ్బా నూనెలు మాత్రం లోపల కొట్టకండి, అవి రబ్బరు మీదికి చేరాయంటే చేసిన పనంతా వృథా.

శుభ్రం చేయడం తేలికైన పని, ఫలితం మాత్రం వెంటనే వినిపిస్తుంది. 90 శాతం కంటే ఎక్కువ ఐసోప్రొపైల్ ఉన్న ద్రావణం తీసుకోండి, 99 శాతం దొరికితే ఇంకా మంచిది. ఇయర్‌బడ్ ముంచి హెడ్, పాత రికార్డింగ్‌ని చెరిపే ఇరేజ్ హెడ్, నిలువుగా మెరిసే క్యాప్‌స్టన్ కడ్డీ, బడ్ మీద గోధుమ రంగు రావడం ఆగేదాకా తుడవండి. క్యాప్‌స్టన్ మీద మడ్డి గట్టి ఉంగరంలా పేరుకుంటే కడ్డీ ఆ చోట లావై వేగం ఊగుతుంది, దాన్ని కాస్త ఎక్కువ సేపు తుడవండి. పించ్ రోలర్ రబ్బరు కాబట్టి నేను సబ్బు నీళ్ళతో తడిపిన గుడ్డ వాడి, తర్వాత పొడిగుడ్డతో తుడుస్తాను. అది గాజులా మెరుస్తూ గట్టిపడి ఉంటే మార్చేయండి, టేపు తినే డెక్కులు చాలావాటిలో దోషి అదే. పాత టేపులు ఎక్కువగా వింటుంటే పది ఇరవై గంటలకొకసారి ఈ శుభ్రం చేయండి.

హెడ్‌లు, క్యాప్‌స్టన్ మెల్లగా అయస్కాంతత్వం పట్టే అవకాశం ఉంది కాబట్టి అప్పుడప్పుడు డీమాగ్నెటైజర్ వాడటం మంచిది. డెక్ ఆఫ్‌లో ఉండాలి, క్యాసెట్లన్నీ దూరంగా ఉండాలి. డీమాగ్నెటైజర్‌ని డెక్‌కి చేయి చాచినంత దూరంలో ఆన్ చేసి, మెల్లగా దగ్గరికి తెచ్చి, హెడ్ ముందు నెమ్మదిగా తిప్పి, అంతే మెల్లగా దూరం తీసుకెళ్ళాకే ఆఫ్ చేయాలి. దగ్గరుండగా ఆఫ్ చేశారో, ఉన్నదానికంటే ఎక్కువ అయస్కాంతత్వం హెడ్‌కి ఎక్కుతుంది.

ఇక వేగం. 3150 హెర్ట్జ్ స్వరం రికార్డయిన టెస్ట్ టేపు ఒకటి నమ్మకమైన చోట సంపాదించండి, ఫోన్‌లో ఫ్రీక్వెన్సీ చూపించే యాప్ పెట్టుకోండి. డెక్‌ని పావుగంట నడిపి వేడెక్కనిచ్చి, టేపు మధ్యభాగంలో కొలవండి. అంకె 3120, 3180 మధ్య ఉంటే ఒక శాతం లోపు తేడా, వినడానికి ఇబ్బంది ఉండదు. ఆరు శాతం తప్పితే మాత్రం పాట శ్రుతి దాదాపు ఒక అర్ధస్వరం మారిపోతుంది. చాలా డెక్కుల్లో మోటార్ వెనక చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి స్క్రూని సన్నటి ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకంత తిప్పితే వేగం మారుతుంది. మీరే వేరే డెక్‌లో రికార్డు చేసుకున్న టోన్‌ని నమ్మి సరిచేస్తే మాత్రం ఆ డెక్ తప్పు ఈ డెక్‌కి ఎక్కుతుంది.

అజిమత్ అనే మాట విని టెన్షన్ పడకండి. హెడ్‌లోని సన్నటి చీలిక టేపు కదిలే దిశకి సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండాలి, అంతే. హెడ్‌కి ఒక పక్క స్ప్రింగ్ ఉన్న స్క్రూ కనిపిస్తుంది. ముందు అది ఏ స్థితిలో ఉందో గుర్తు పెట్టుకోండి. కంపెనీలో రికార్డయిన మంచి క్యాసెట్ పెట్టి, ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ నొక్కి, ట్రెబుల్ బాగా పదునుగా వినిపించే చోటు దొరికేదాకా ఎనిమిదో వంతు చుట్టు కంటే తక్కువగా అటూ ఇటూ తిప్పండి. మోనోలో ఎందుకంటే రెండు ఛానెళ్ళ మధ్య ఏ కాస్త ఆలస్యం ఉన్నా కలిసినప్పుడు ట్రెబుల్ కొట్టుకుపోతుంది, తేడా చెవికి ఇట్టే తెలుస్తుంది. మొదటిసారి అది సరైన చోట కుదిరి, మూసుకుపోయిన పాట ఒక్కసారి తెరుచుకున్నప్పుడు నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి.

డాల్బీ మీద ఉన్న చెడ్డపేరు కూడా చాలావరకు ఇక్కడి నుంచే వచ్చింది. డాల్బీ బి రికార్డింగ్‌లో మెత్తటి ట్రెబుల్‌ని పెంచి, ప్లే చేసేటప్పుడు అంతే తగ్గిస్తుంది, దాంతోపాటు హిస్, అంటే ఆ బుస్సుమనే చప్పుడు కూడా పది డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. కానీ మురికి హెడ్ వల్లో, వంగిన హెడ్ వల్లో ట్రెబుల్ ముందే తగ్గి వస్తే, డాల్బీ దాన్ని మెత్తటి శబ్దమనుకుని ఇంకా తగ్గిస్తుంది. జనం డాల్బీ వేస్తే పాట చచ్చిపోతుందని బటన్ ఆఫ్ చేసేస్తారు. హెడ్ సరిచేసి మళ్ళీ ఆన్ చేయండి. టేపు మీద ఏ డాల్బీ గుర్తుంటే అదే వేయాలి, బి టేపుకి సి వేస్తే ధ్వని ఊగిపోతుంది.

డెక్‌ని ఆంప్లిఫయర్‌కి కలపడం తేలిక, లైన్ అవుట్ నుంచి ఆక్స్ లేదా టేప్ ఇన్‌పుట్‌కి, రికార్డ్ ప్లేయర్‌కి పెట్టిన ఫోనో ఇన్‌పుట్‌కి మాత్రం వద్దు.

టేపుల సంగతి. పాత క్యాసెట్ పెట్టే ముందు కిటికీలోంచి చూడండి, టేపు చుట్ట మీద తెల్లటి మచ్చలుంటే అది బూజు, డెక్‌లో పెట్టకండి, మిగతా క్యాసెట్ల పక్కన కూడా ఉంచకండి. టేపు వెనకాల చిన్న ఫెల్ట్ దిండు ఉందో లేదో చూడండి, జిగురు ఎండి అది రాలిపోవడం మామూలే. అది లేకపోతే చాలా డెక్కుల్లో టేపు హెడ్‌కి ఆనదు, ధ్వని వస్తూ పోతూ ఉంటుంది. స్క్రూలున్న పెట్టె అయితే పనికిరాని క్యాసెట్ నుంచి దిండు తీసి మార్చుకోవచ్చు. అన్నీ బాగుంటే ఒకసారి చివరిదాకా ఫాస్ట్ ఫార్వర్డ్, మళ్ళీ రివైండ్, ఆ తర్వాతే ప్లే. సి-120 (రెండు వైపులా కలిపి 120 నిమిషాలు) టేపు మందం తొమ్మిది మైక్రాన్లే, సాగుతుంది, చిక్కుకుంటుంది. కొత్తగా రికార్డు చేసుకోవడానికి సి-60, సి-90 చాలు.

రికార్డింగ్‌లో ఒక్క విషయం చెప్తాను. మామూలు ఫెర్రిక్ (ఐరన్ ఆక్సైడ్ పూత) టేపుకి రికార్డింగ్ లెవెల్ మీటర్ ముల్లు పెద్ద శబ్దాల దగ్గర 0 దాటి +3 దాకా వెళ్ళనివ్వండి. భయపడి మరీ తక్కువలో రికార్డు చేస్తే హిస్ పైకి తేలుతుంది. అయితే డెక్కుల మీటర్లన్నీ ఒకలా ఉండవు కాబట్టి ఒకే పాటని మూడు లెవెళ్ళలో రికార్డు చేసి విని, మీ డెక్‌కి ఏది కుదురుతుందో తేల్చుకోండి.

ఇవన్నీ అయ్యి, మామూలు క్యాసెట్లు నాలుగైదు రెండు వైపులా ఏ ఇబ్బందీ లేకుండా ఆడాక, అప్పుడు ఇంట్లోవాళ్ళ గొంతులున్న క్యాసెట్ తీయండి. దాన్ని ప్లే చేసే మొదటిసారే లైన్ అవుట్‌ని కంప్యూటర్‌కి కలిపి రికార్డు చేస్తూ వినండి. అది ఏ డెక్‌లో రికార్డయిందో దాని అజిమత్ వేరుగా ఉండొచ్చు, ఆ ఒక్క క్యాసెట్ కోసం హెడ్ స్క్రూని సరిచేసి, పనయ్యాక ఇందాకటి కంపెనీ క్యాసెట్ పెట్టి మళ్ళీ పాత చోటుకి తెచ్చి, చుక్క నెయిల్ పాలిష్‌తో స్క్రూని కదలకుండా చేయండి.