పేరెంట్స్ మీటింగ్ పిల్లలకు పనికొచ్చేలా ఎలా జరపాలి?

ఒంగోలు చుట్టుపక్కల మిషన్ బళ్లలో పేరెంట్స్ మీటింగ్ చాలాసార్లు ఒకేలా నడుస్తుంది. ప్రార్థన, హెడ్మాస్టరు ప్రసంగం, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం, టీ. ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చిన అమ్మానాన్నలు నోరు తెరవకుండానే వెళ్లిపోతారు. వాళ్ల చేత మాట్లాడించడమే అసలు పని. టీచరుగా నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

ముందు తేదీ

ఊరి పనులు చూసుకుని తేదీ పెట్టండి. కొత్తపట్నం తీరం పిల్లలు ఉంటే ఏప్రిల్ 15 గుర్తుంచుకోండి. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం. వేసవి సెలవులు ఇచ్చేలోపు దొరికే ఆ కొద్ది రోజుల్లో పిలిస్తే నాన్నలు కూడా వస్తారు. పొగాకు ఊళ్లలో బ్యారన్ల కింద, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదుల కింద, మంట నడిచే రోజులు వద్దు. రాత్రంతా మంట దగ్గర మేలుకున్న మనిషి పొద్దున్నే బడికి ఎలా వస్తాడు? చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్లను షిఫ్ట్ అడిగి పిలవండి.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో ప్రకటిస్తే సరిపోదు. హిందూ, ముస్లిం పిల్లలూ మన దగ్గర చదువుతున్నారు. పిల్లల చేతికి చీటీ ఇచ్చి, ఇంటికి ఫోన్ కూడా చేయండి. అమ్మానాన్న హైదరాబాద్ వలస వెళ్తే నాయనమ్మను పిలవండి. వచ్చాక "తల్లిదండ్రులు రాలేదా?" అని మాత్రం అడగొద్దు. ఆ బిడ్డకు అన్నం పెడుతున్నది ఆమే.

ప్రార్థన రెండు నిమిషాలు చాలు, ప్రసంగం వద్దు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడిలో ఇష్టం లేనివారిని ఆరాధనలో పాల్గొనమని బలవంతపెట్టకూడదని రాజ్యాంగంలోని 28(3) అధికరణ చెబుతోంది. ప్రార్థన అయ్యాక వచ్చేవాళ్లనూ అంతే ఆదరంగా కూర్చోబెట్టండి.

మార్కులు అందరి ముందు చదవొద్దు

ఈ తప్పు నేను చేశాను. ఒకసారి లెక్కల్లో వచ్చిన మార్కులు గట్టిగా చదివాను. ఒక తండ్రి లేచి కొడుకును అక్కడే చెంపమీద కొట్టాడు. సోమవారం వాడు బడికి రాలేదు. అప్పటి నుంచి ఒక్కొక్క కుటుంబాన్ని విడిగా కూర్చోబెట్టి, కనీసం పది నిమిషాలు మాట్లాడుతున్నాను. ఒక్క పూటలో అందరూ అవ్వరు. రెండు రోజులు పెట్టుకోండి, నష్టం లేదు.

కార్డు కంటే ముందు నోటుపుస్తకం తెరవండి. చదువు రాని ఒక తల్లికి జూన్ పేజీ, నవంబర్ పేజీ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆమె వేలితో గీతల వెంట తడిమి, "ఇక్కడ అక్షరాలు కిందికి జారిపోయినాయి, ఇక్కడ నిలబడినాయి మేడం" అంది. మూడో తరగతి పిల్లాడి గురించి అంత సూటిగా నేను కూడా రాయలేదు.

తర్వాత మీరు అడగండి: "ఇంట్లో ఎక్కడ కూర్చుని రాస్తాడమ్మా? రాత్రి ఎన్నింటికి పడుకుంటాడు? బడి గురించి ఏం చెబుతాడు?" అడిగి ఆగండి. ఆ కాసేపు మౌనం భరించాలి, మధ్యలో మీరు అందుకోకూడదు. ఒక్కోసారి అసలు కారణం అప్పుడే బయటికొస్తుంది: కళ్లు మసకగా కనపడటమో, ఆటోలో పెద్ద పిల్లలు ఏడిపించడమో.

ఫీజు మాట ఆ రోజు ఎత్తొద్దు. బాకీ ఉన్నవాళ్లు ఆ భయంతోనే మీటింగ్‌కు రావడం మానేస్తారు.

లేచేముందు ఇంటికి ఒక పని, మీకు ఒక పని అనుకుని రాసుకోండి. ఇంట్లో రోజూ ఒక పేజీ గట్టిగా చదివించడం, బడిలో ముందు బెంచీలో కూర్చోబెట్టడం. అంతకంటే ఎక్కువ పెడితే ఏదీ జరగదు.

రెండు వారాలకు ఫోన్ చేయండి. బడి నుంచి ఫోన్ అనగానే "మా వాడేం చేశాడు మేడం?" అని టెన్షన్ పడతారు. "ఏం లేదమ్మా, నిన్న ఏడో ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పాడు, ఆ సంగతి చెబుదామని చేశాను" అనండి.