విడిపోయిన తల్లిదండ్రులతో తొలి సమావేశానికి ముందు మధ్యవర్తి తీసుకోవలసిన జాగ్రత్తలు

బెంగళూరులో మధ్యవర్తిత్వ శిక్షణ పూర్తిచేసి తెలుగు కుటుంబాల పిల్లల పెంపకం తగాదాలు చేపట్టబోయేవారు అన్నిటికంటే ముందు హింస సంగతి తేల్చుకోవాలి. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టక ముందే విడివిడిగా మాట్లాడి, కొట్టడం, బెదిరించడం, ఖర్చుకు డబ్బు అందకుండా చేయడం వంటివి జరిగాయేమో అడగాలి. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు ఉంటే దాని ప్రతిని తప్పక చదవాలి. భయంతో తలూపించిన ఒప్పందం ఎన్నాళ్లో నిలవదు.

విడిగా చెప్పిన మాటను వారి అనుమతి లేకుండా రెండో పక్షానికి చేరవేయరాదని, ఎవరూ సంభాషణను ఫోనులో రికార్డు చేయరాదని ముందే చెప్పాలి.

అయిదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెబుతున్నా, అదే చట్టం బిడ్డ సంక్షేమానికే అగ్రస్థానం ఇచ్చిందని మరచిపోకూడదు.

బడి క్యాలెండరును దగ్గర ఉంచుకోవాలి. దసరా సెలవులు ఎవరి దగ్గర, వేసవిలో అనంతపురంలోని అమ్మమ్మగారింటికి ఎన్నాళ్లు, బస్సు ఎక్కించేదెవరు, దించుకునేదెవరు అన్న చిన్న విషయాల దగ్గరే (నా అంచనాలో) పెద్ద గొడవలు మొదలవుతాయి కనుక వాటిని తేదీలతో సహా రాయించాలి.

వెంట వచ్చిన పెద్దలను గౌరవంగా బయట కూర్చోబెట్టాలి. ఒప్పందం ఇంగ్లీషులోనో కన్నడంలోనో ఉంటే, సంతకాలకు ముందు తెలుగులో పూర్తిగా చదివి వినిపించాలి.