అమ్మానాన్నల్ని, అత్తమామల్ని అమెరికా రప్పించుకోవడం: బరంపురం, పర్లాకిమిడి వైపు వాళ్లకి

ఇక్కడికొచ్చి ఏడాది తిరక్కుండానే మొదలవుద్ది, అమ్మావాళ్లని ఎప్పుడు పిలుస్తావని. చూసి వెళ్లేవాళ్లకిచ్చే విజిటర్ వీసా (బీ-2) మీద సలహాలు బోలెడు దొరుకుతాయి గానీ ఒడిశాలో ఉన్న మన గంజాం, గజపతి, రాయగడ తెలుగువాళ్లకి తిరకాసు ఒకటి వేరే ఉంది, అదేటంటే పేరు. ఇంట్లో తెలుగు, కాయితాలు ఒడియా. ఒడియాలో వ కాస్తా బ అయిపోద్ది కదా, అది ఇంగ్లీషులోకి ఎక్కేసరికి వెంకటరావు బెంకటరావు, సత్యవతి సత్యబతి. మా అమ్మ పేరు ఆధార్లో ఒకలా, పాస్‌బుక్కులో ఇంకోలా, ఓటర్ కార్డులో అయితే ఇంటిపేరే లేదు. పాస్‌పోర్టుకి పెట్టకముందే ఇవన్నీ ఒక దారికి తెచ్చుకోండి, తర్వాత చూద్దాం అంటే పని మొదటికొస్తుంది. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ వదలొద్దు, వదిలితే ఉన్న పేరు కాస్తా ఇంటిపేరు గడిలోకి పోయి, వీసా మీద మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ అని పడుద్ది, అంటే మొదటి పేరు తెలీదని! వీసాకి ఆన్‌లైన్‌లో నింపే డీఎస్-160 ఫారంలో మాత్రం పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే.

వీసా దరఖాస్తు ఫీజు మనిషికి 185 డాలర్లు, వీసా రాకపోయినా వెనక్కివ్వరు.

ఒడిశా కదా కలకత్తా వెళ్లాలేమో అనుకుంటారు, కాదు, మనకి హైదరాబాద్ కాన్సులేటే. అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు, ఇది పెద్ద ఊరట. మా మావయ్యగారు సర్వీసంతా ఒడియాలోనే చేసారు, తెలుగు చదవలేరు, మాట్లాడితే మాత్రం మన యాసే, కిటికీ దగ్గర ఏ ఇబ్బందీ పడలేదు. వేలిముద్రలు, ఫోటో ఒకరోజు వీసా సెంటర్లో, ఇంటర్వ్యూ ఇంకోరోజు కాన్సులేట్లో. ఫలక్‌నుమాకో విశాఖ ఎక్స్‌ప్రెస్‌కో బరంపురంలో ఎక్కించండి గానీ ఒకరోజు ముందే దిగేలా చూడండి, రైలు లేటయితే మీకు ఇక్కడ నిద్రుండదు. ఫోన్ లోపలికి రానివ్వరు, బయట ఎక్కడ కలవాలో ముందే చెప్పుకోమనండి.

ఇప్పుడు అసలు సంగతి. ఎందుకెళ్తున్నారమ్మా అని ఆఫీసర్ అడిగితే మా అమ్మ ఏం చెప్తుందో చూద్దామని ముందురోజు ఫోన్లో అడిగా. "మనవరాల్ని చూసుకోడానికి" అంది. చూడ్డానికి వేరు, చూసుకోడానికి వేరు! రెండోది వింటే ఆయా పనికొస్తున్నట్టు ఉంటది, ఈ వీసా దానికి కాదు. అబద్ధం నేర్పమనట్లేదు, డేకేర్ ఖర్చు మిగులుద్దని పిలిచేవాళ్లయితే ముందు మీరే ఆలోచించుకోండి. అమ్మ నిజంగా వస్తున్నది చూడ్డానికే, మాట జారిందంతే. మా నాన్నకి నేనేం నేర్పలేదు. తిరిగెప్పుడొస్తారంటే "ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి బాబూ, అదెలా మానుకుంటాం" అన్నాడంట, మన బరంపురం అమ్మవారి జాతర అది. వీసాకి అడ్డం పడేది ఇక్కడి ఇమిగ్రేషన్ చట్టంలో 214(బి) సెక్షను, అంటే తిరిగెళ్తారన్న నమ్మకం ఆఫీసర్‌కి కలగకపోవడం. కట్టలకొద్దీ భూమి పట్టాలు పట్టుకెళ్లాం, ఒక్కటీ తియ్యమన్లేదు.

వీసా ఎక్కువగా పదేళ్లకిస్తారు, అంటే పదేళ్లు ఉండమని కాదు. ఎన్నాళ్లుండాలో ఇక్కడి ఎయిర్‌పోర్ట్‌లో నిర్ణయిస్తారు, మామూలుగా ఆర్నెల్లు. దిగిన వారంలో ఐ-94, అంటే ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, ఆన్‌లైన్‌లో తీసి తేదీ చూసుకోండి. ఇంకా ఉంచాలంటే ఆ తేదీ దాటకముందే పొడిగింపు దరఖాస్తు ఐ-539 వెయ్యాలి, దాటి 180 రోజుల కంటే ఎక్కువ ఉండిపోయి వెళ్తే కనీసం మూడేళ్లు మళ్లీ రానివ్వరు. నన్నడిగితే పొడిగించకండి, మంచులో పెద్దాళ్లు నాలుగ్గోడల మధ్య బెంగపెట్టుకుంటారు. రెండువైపుల వాళ్లనీ ఒకేసారి పిలవకండి కూడా, వంటిల్లు ఒకటే కదా, అర్థం చేసుకోండి.

ఇన్సూరెన్స్ దగ్గర పిసినారితనం వద్దు. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులు చాలా ప్లాన్లలో కవర్ కావు, ఉన్నట్టుండి ముదిరితే మాత్రమే ఇస్తామనే ప్లాన్లు ఉంటాయి, ఆ నిబంధన మీరే చదవండి, ఏజెంట్ మాట మీద కొనకండి. మందులు డాక్టర్ చీటీతో, షాపు స్ట్రిప్పుల్లోనే.

సామాన్లలో బరంపురం అప్పడాలు, ఆవకాయ చెకిన్ బ్యాగులో పెట్టొచ్చు. పచ్చి కరివేపాకు, పళ్లు, విత్తనాలు, మాంసం పచ్చళ్లు వద్దు. ఏం తెచ్చారని అడిగితే ఉన్నది చెప్పేయమనండి. వీల్‌చైర్ టికెట్ బుక్ చేసేటప్పుడే అడగండి, నడవగలిగినా సరే, మధ్యలో విమానం మారేచోట గేటు దాకా వాళ్లే తీసుకెళ్తారు. మా నాన్న చొక్కా జేబులో ఇంటి అడ్రసు, నా నంబరు ఇంగ్లీషులో రాసి పెట్టించా, ఇమిగ్రేషన్ కిటికీ దగ్గర అడ్రస్ అడిగితే ఆ చీటీయే తీసి చూపించాడంట.