చవక స్మార్ట్ స్విచ్ మొరాయిస్తే: కోనసీమ ఇళ్లలో తరచూ వచ్చే తంటాలు

చవకలో దొరికే వైఫై స్విచ్ కొని, కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి టాస్మోటా (ఇలాంటి స్విచ్‌లకు దొరికే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించుకున్నవాళ్లు ఏ తేడా వచ్చినా ముందు వైఫైని తిడతారు. అమలాపురం నుంచి రాజోలు దాకా అసలు దోషి చాలాసార్లు కరెంటే. కాకపోతే ఉప్పుగాలి.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి పెట్టె విప్పి, ల్యాప్‌టాప్ నుంచి సీరియల్ పిన్నులకు వైర్లు తగిలించేటప్పుడు మాత్రం మెయిన్స్ పూర్తిగా తీసేయండి. ఈ రకం స్విచ్‌లలో చాలావాటికి లోపలి సర్క్యూట్‌కీ 230 వోల్టులకీ మధ్య అడ్డేమీ ఉండదు. ల్యాప్‌టాప్ పోవడం అటుంచి, ప్రాణం మీదికొస్తుంది.

ఫోన్‌లో ఆఫ్ అంటోంది, మోటారు ఆగట్లేదు

ట్యాంకు నిండి పెరడంతా నీళ్లు పారుతున్నాయంటే స్విచ్ లోపల కరెంటును కలిపి విడదీసే రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయన్నమాట. పెట్టె మీద 10 ఆంప్స్ అని ఉంది, 1 హెచ్‌పీ మోటారు తినేది 5, 6 ఆంప్సే కదా అని నేరుగా తగిలించేస్తారు. ఆ 10 బల్బు, హీటర్ లాంటి లోడుకు చెప్పిన లెక్క. మోటారు లేచే క్షణంలో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. సాయంత్రం పూట లో వోల్టేజీ ఉంటే తిరగలేక మూలుగుతూ ఇంకాసేపు లాగుతుంది. ఆ వేడికి కాంటాక్టులు కరిగి ఒకటైపోతాయి.

మెయిన్ ఆపి, వైర్లు విప్పి, ఇన్‌పుట్ లైన్‌కీ అవుట్‌పుట్ లైన్‌కీ మధ్య మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టండి. బీప్ అందా, రిలే అయిపోయినట్టే. స్క్రూడ్రైవర్ పిడితో తడితే విడిపోవచ్చు, రెండ్రోజుల్లో మళ్లీ అదే కథ.

స్విచ్‌తో మోటారును కాదు, కాంటాక్టర్ (మోటారు లోడు మోసే పెద్ద రిలే) కాయిల్‌ను ఆన్ చేయించాలి. 230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్, దానికో ఓవర్‌లోడ్ రిలే. కాయిల్ రెండు కొసల మధ్య 100 ఓమ్స్, 0.1 మైక్రోఫారడ్ స్నబ్బర్ (కాయిల్ ఆగేటప్పుడు లేచే వోల్టేజీ దెబ్బను మింగేది) కూడా వేస్తే స్విచ్ మధ్యమధ్యలో రీస్టార్ట్ అవడం తగ్గుతుంది. ఈ పని మీ ఊరి ఎలక్ట్రీషియన్ చేతుల మీదుగా జరిగితే మంచిది. ఆ తర్వాత టాస్మోటా పేజీలోని కన్సోల్‌లో ‘పల్స్‌టైమ్ 1900’ (PulseTime 1900) అని ఇంగ్లిష్‌లో కొట్టండి. మనం మర్చిపోయినా 30 నిమిషాలకు అదే ఆపేస్తుంది. 1900లోంచి 100 తీసేస్తే వచ్చేది సెకన్ల లెక్క.

కరెంటు పోయి వస్తే మోటారు తనే లేస్తోంది

పాత స్థితి గుర్తుపెట్టుకోవడం టాస్మోటా అలవాటు. కన్సోల్‌లో ‘పవర్‌ఆన్‌స్టేట్ 0’ (PowerOnState 0) ఇవ్వండి, చాలు.

సెట్టింగులన్నీ మాయమయ్యాయి

గాలివానకు కొబ్బరి మట్ట లైను మీద ఊగుతుంటే కరెంటు టపటపా పోయి వస్తుంటుంది. పది సెకన్ల లోపు తేడాతో వరసగా 7 సార్లు అలా జరిగితే, రీసెట్ చేయమంటున్నారనుకుని టాస్మోటా అన్నీ చెరిపేస్తుంది. అది పాడవడం కాదు, కావాలని పెట్టిన సదుపాయమే. మన లైన్లకు పనికిరాదంతే. ‘సెట్‌ఆప్షన్65 1’ (SetOption65 1) తో ఆపేయండి. ఎప్పుడైనా నిజంగా రీసెట్ కావాలంటే బటన్‌ను 40 సెకన్లు నొక్కిపట్టొచ్చు.

సాఫ్ట్‌వేర్ ఎక్కడం మధ్యలో ఆగుతోంది

ల్యాప్‌టాప్‌కూ స్విచ్‌కూ మధ్య పెట్టే యూఎస్‌బీ సీరియల్ బోర్డుల్లో కొన్నింటి 3.3 వోల్టుల పిన్ను 50 మిల్లీఆంప్స్ మించి ఇవ్వదు. ఈ స్విచ్‌లలో ఉండే వైఫై చిప్ ఈఎస్‌పీ8266కు అది ఏ మూలకూ చాలదు. వేరే 3.3 వోల్టుల రెగ్యులేటర్ పెట్టి, గ్రౌండ్‌లు కలపండి. అసలు మొదలే కాకపోతే, పవర్ ఇచ్చేటప్పుడు చిప్‌లోని జీపీఐఓ0 (GPIO0) పిన్ను గ్రౌండ్‌కు తగిలి ఉందో లేదో చూడండి. ఈమధ్య ప్లగ్గుల్లో బెకెన్ అనే వేరే కంపెనీ చిప్‌లు కూడా వస్తున్నాయి. వాటికి ఈఎస్‌పీ8266 ఫైలు ఎక్కదు, వాటికోసం ఉన్న ఓపెన్‌బెకెన్ సాఫ్ట్‌వేర్ వాడాలి.

వైఫై దొరకట్లేదు

ఈఎస్‌పీ8266 చిప్‌కు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే తెలుసు. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌తో కలవకుండా 2.4 వైఫైకి వేరే పేరు పెట్టండి.

ట్యాంకు ఖాళీగా ఉన్నా నిండిందంటోంది

మూత కింద బిగించిన మామూలు అల్ట్రాసోనిక్ సెన్సర్‌కు (శబ్ద తరంగాలతో నీటి మట్టం కొలిచేది) లోపలి చెమ్మే శత్రువు. సముద్రం దగ్గరి ఊళ్లలో దాని కాళ్లు పచ్చగా చిలుమెక్కి ఉంటాయి. వాటర్‌ప్రూఫ్ రకం కొంటే నీటికి 20, 25 సెంటీమీటర్లకన్నా దగ్గరగా బిగించొద్దు, అంతలోపు సరిగా కొలవలేదు. నన్నడిగితే నీటి మీద తేలుతూ మట్టం చెప్పే ఫ్లోట్ స్విచ్ చాలు. ట్యాంకు నిండిందా లేదా అన్నదే మనక్కావాలి, ఎన్ని సెంటీమీటర్లన్నది కాదు.