బీడు పడ్డ చేనులో కలుపును పచ్చిరొట్టతో అణచడం ఎలా?

రెండు మూడేళ్లు బీడు పడ్డ చేనులోకి ముందే రోటవేటర్ దింపితే కొంప మునుగుతుంది. గరిక ముక్కలై, కణుపున్న ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. తుంగ గడ్డలు నేలలో గొలుసులా అల్లుకుని ఉంటాయి. ఆ గొలుసు తెగితే నిద్రపోతున్న గడ్డలూ లేస్తాయి. అందుకే దున్నే ముందు చేనంతా తిరిగి, ఎక్కడ ఏ కలుపుందో చూసుకోవాలి. వయ్యారిభామను పూత రాకముందే చేతి తొడుగులతో పీకాలి, దాని పుప్పొడి చాలామందికి పడదు. సర్కారు తుమ్మను పైన నరికితే మళ్లీ చిగురిస్తుంది, మొదలు తవ్వి తీయాల్సిందే.

ఎండలు ముదిరి నేల పొడిగా ఉన్నప్పుడు నాగలితో 8–9 అంగుళాల లోతు దున్ని, పెళ్లలను పగలగొట్టకుండా రెండు మూడు వారాలు ఎండనివ్వండి. తర్వాత కల్టివేటర్‌తో గరిక వేళ్లను పైకి లాగి ఏరేయాలి. ఇదే పని తడి నేలలో చేస్తే తుంగను నాటినట్టే.

తొలి వాన పడ్డాక 10–12 రోజులు ఆగితే పైపొరలోని గింజలు మొలుస్తాయి. వాటిని గుంటకతో 2 అంగుళాలు మించకుండా చెక్కేయాలి. లోతుకు పోతే అడుగునున్న పాత గింజలు పైకొస్తాయి. ఈ గింజల బెడద ఎక్కువుంటే ఇంకోసారి మొలవనిచ్చి చెక్కడం మంచిది.

చెక్కిన రోజే పచ్చిరొట్ట విత్తాలి, అంటే ఒత్తుగా పెరిగి నీడతో కలుపును అణచి, పూతకు రాగానే నేలలో కలియదున్నే పైరు. నీరు నిలిచే నేలకూ చౌడుకూ జీలుగ, నీరు నిలవని నేలకు జనుము. ఎకరాకు మామూలుగా 12–15 కిలోలు సరిపోతాయి కానీ కలుపు చేనుకు 20 కిలోలు చల్లండి. ఇక్కడ విత్తనంలో పిసినారితనం పనికిరాదు. జనుముతో పాటు కిలో సజ్జ కలిపితే నేలను తొందరగా కమ్ముతుంది. 100 గ్రాముల బెల్లం లీటరు నీటిలో మరిగించి చల్లార్చి, అందులో రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా) కలిపి విత్తనానికి పట్టించి నీడన ఆరబెట్టాలి. మొలక పలచబడ్డ చోట పది రోజుల్లోపే మళ్లీ చల్లాలి.

విత్తిన నెలకు మిట్టమధ్యాహ్నం చేనులోకి వంగి చూడండి. నేల మీద ఎండ మచ్చలు పెద్దగా పడుతుంటే అక్కడ తుంగ మిగిలినట్టే, అది నీడకు ఓర్చదు. అలాగే ఒక మొక్కను మట్టితో సహా పెకలించి, వేరు బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే నత్రజని పట్టుకుంటోంది. తెల్లగా ఉంటే ఇంకా పట్టడం లేదు.

45–50 రోజులకు, పూత మొదలవగానే కలియదున్నాలి. ఆలస్యమైతే కాండం ముదిరి పుల్లలా గట్టిపడుతుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడేసుకుంటే తర్వాతి పైరు పసుపెక్కుతుంది. దున్నాక 10–15 రోజులు ఆగకుండా విత్తితే గింజ కుళ్లే ప్రమాదం ఉంది. గరిక ఇంకా గట్టిగా ఉంటే దున్నకుండా, నేలకు దగ్గరగా కోసి అక్కడే మందంగా పరచండి. తుంగ మాత్రం ఆ పొరనూ పొడుచుకుని వస్తుంది. కొత్త గడ్డ కట్టకముందే, రెండు మూడు వారాలకోసారి చెక్కుతూనే ఉండాలి.

గట్ల మీది కలుపును గింజ పట్టకముందే కోయండి. వేరే చేనులో తిరిగి వచ్చిన కల్టివేటర్‌ను పళ్లకంటిన మట్టి దులిపాకే దింపండి. ఆ మట్టిలో శనగ గింజంత తుంగ గడ్డ ఒక్కటున్నా చాలు.