మొదటి రాక్ షోలో తల ఎత్తి వాయించాలంటే

నా మొదటి షోలో మేం 6 పాటలు వాయించాం. నాది బేస్ గిటార్. ఒక్క నోటు కూడా తప్పలేదన్న సంతోషంతో స్టేజీ దిగాను. మర్నాడు మా అక్క ఫోన్‌లో తీసిన వీడియో చూపించింది. 28 నిమిషాల వీడియోలో నా ముఖం కనిపించింది రెండే రెండుసార్లు. మిగతాదంతా నా నడినెత్తే. "పాట నీకు వచ్చు కదరా, మరి ఆ చేతికి ఎందుకంత కాపలా కాస్తున్నావు?" అంది.

అప్పటి నుంచి 11 ఏళ్లుగా వాయిస్తున్నాను. ఈమధ్య కొత్త బ్యాండ్‌ల రిహార్సల్స్‌లో కూర్చుని సాయం కూడా చేస్తున్నాను. వాళ్లందరికీ అక్క మాటే చెబుతుంటాను. స్టేజ్ ప్రెజెన్స్ (స్టేజీ మీద జనం చూపు నిలిపేలా ఉండటం) అనగానే చాలామందికి గెంతడం, జుట్టు ఊపడం, గిటార్ గాల్లో తిప్పడం గుర్తొస్తాయి. అవన్నీ తర్వాతి సంగతి. ముందు కావాల్సింది చూపు. మీరు ఎటు చూస్తే జనం అటు చూస్తారు. మీరు డ్రమ్మర్ వైపు తిరిగి నవ్వితే వాళ్ల కళ్లూ అటే వెళ్తాయి. మీరు పాటంతా గిటార్ మెడ మీది గడుల్ని, అంటే ఫ్రెట్లనే చూస్తూ ఉంటే వాళ్లకి చూడటానికి ఏమీ మిగలదు. అందుకే మొదటి షోకి తయారయ్యేటప్పుడు ముందు కళ్లకి తీరిక దొరికేలా చేసుకోవాలి.

కళ్లకి తీరిక

పాట రావడం వేరు, చూడకుండా రావడం వేరు. దీనికి నాకు తెలిసిన మంచి మార్గం చీకటి. గదిలో లైటు ఆర్పేసి పాట మొత్తం వాయించండి. మొదటి రోజు నాకు ప్రతి పెద్ద జంప్ తప్పింది. మూడో ఫ్రెట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కి వెళ్లాల్సిన చోట చెయ్యి ఎప్పుడూ ఒక గడి ముందే ఆగిపోయేది. వారం పది రోజులకి చాలావరకు కుదిరింది. అప్పటికీ కుదరని చోట్లు రెండో మూడో ఉంటే కాగితం మీద రాసుకోండి. షోలో అక్కడ మాత్రం చేతి వైపు చూడండి, తప్పేం లేదు.

కూర్చుని ప్రాక్టీస్ చేసే అలవాటు ఉంటే ఇప్పుడే మానేయండి. నిలబడితే గిటార్ ఇంకా కిందికి వేలాడుతుంది, మణికట్టు ఇంకో కోణంలో వంగుతుంది, ఒళ్లో పెట్టుకుని నేర్చుకున్నది సగం పనికిరాదు. గిటార్‌ని భుజానికి వేలాడదీసే స్ట్రాప్ పొడవు ముందే ఖాయం చేసుకుని ఇంట్లోనూ అదే పొడవుతో వాయించండి. షోకి వేసుకునే బూట్లు కూడా ఒక రిహార్సల్‌కి వేసుకుని రండి. మందపాటి సోల్‌తో ఒక పెడల్ (గిటార్ శబ్దం మార్చడానికి కాలితో నొక్కే మీట) నొక్కబోతే పక్కది కూడా నొక్కుకుపోతుంది.

సింగర్లకి చేతిలో ఫోన్ పెట్టుకుని సాహిత్యం చూసి పాడొద్దనే చెబుతాను. జనానికీ మీకూ మధ్య అదొక గోడ. బట్టలు మడతపెడుతూ, మెట్లెక్కుతూ, వేరే పనిలో మనసు పెట్టి కూడా పాట చివరిదాకా తడబడకుండా పాడగలిగితే స్టేజీ మీద కూడా మాటలు వాటంతటవే వస్తాయి.

గుండ్రంగా నిలబడటం మానండి

రిహార్సల్‌లో బ్యాండ్‌లన్నీ ఒకరికొకరు ఎదురుగా, గుండ్రంగా నిలబడతాయి. పాట కట్టేటప్పుడు అదే సరైన పద్ధతి. కానీ షోకి ముందు రెండు వారాలు అందరూ ఒకే గోడ వైపు తిరగండి, డ్రమ్మర్ మీ వెనక ఉండాలి. స్టేజీ మీద ఉన్నట్టే. మొదటిసారి చాలా ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే ఇన్నాళ్లూ ఎదుటివాళ్ల ముఖం చూసి ఆగేవాళ్లు, ఇప్పుడా ముఖం కనిపించదు. ఎక్కడెక్కడ ఒకరినొకరు చూసుకోవాలో అప్పుడు తెలుస్తుంది. మేం ఒక్కో పాటలో నాలుగు చోట్లు పెట్టుకున్నాం. డ్రమ్మర్ "వన్, టూ, త్రీ, ఫోర్" అని కౌంట్ ఇచ్చే ముందు, మొదటి కోరస్‌లోకి (పల్లవిలా తిరిగి తిరిగి వచ్చే భాగంలోకి) వెళ్లేటప్పుడు, మధ్యలో అందరం ఒక్కసారి ఆగే చోట, చివరి కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది) దగ్గర. ఆ నాలుగు చోట్లా తల తిప్పి కళ్లు కలిపేవాళ్లం. జనానికి అది స్నేహంలా కనిపిస్తుంది. నిజంగా కూడా అది స్నేహమే.

ఆ గోడ దగ్గర ఛాతీ ఎత్తున ఫోన్ పెట్టి రికార్డ్ చేయండి. తర్వాత సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. సౌండ్ ఉంటే మీ చెవి తప్పులు వెతుకుతుంది, కన్ను పనిచేయదు. శబ్దం లేకుండా చూస్తే ఎవరు ఎప్పుడు నేల చూపులు చూస్తున్నారో, ఎవరు పాట మొత్తం ఒకే కాలి మీద ఒరిగిపోయారో, సోలో వస్తుంటే ఎవరి ముఖం బిగుసుకుపోతోందో తెలిసిపోతుంది. ఈ వ్యాసంలో ఒకే ఒక్క పని చేసే తీరిక మీకుంటే ఇది చేయండి.

కదలాలా, వద్దా

ద హూ అనే రాక్ బ్యాండ్‌లో గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ చెయ్యి గాలిమరలా తిప్పి కార్డ్ కొట్టేవాడు. అదే స్టేజీ మీద, అదే బ్యాండ్‌లో బేసిస్ట్ జాన్ ఎంట్విసిల్ దాదాపు కదలకుండా నిలబడేవాడు. ఇద్దరినీ జనం గుర్తుపెట్టుకున్నారు. కాబట్టి మీ స్వభావంలో లేని గెంతులు అరువు తెచ్చుకోవాల్సిన పనిలేదు. నిలబడితే నిండుగా నిలబడండి. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టుకుని, మోకాళ్లు బిగించకుండా, బరువు రెండు కాళ్ల మీదా వేసి. కదిలితే చివరిదాకా కదలండి. ముందుకి రెండడుగులు వేయాలనుకుని ఒకటిన్నర దగ్గర ఆగిపోయిన మనిషి ఎంత బాగా వాయిస్తున్నా భయపడుతున్నట్టే ఉంటాడు.

టౌన్‌షెండ్ చెయ్యి తిరగడం అంత బాగుండటానికి కారణం, ఆ చెయ్యి సరిగ్గా కార్డ్ మీదకే దిగడం. కదలిక సంగీతంలోంచి రావాలి. కాలితో మోగించే పెద్ద కిక్ డ్రమ్ దెబ్బకి మడమ, కర్రలతో కొట్టే చిన్న స్నేర్ డ్రమ్ దెబ్బకి తల కదిలితే చాలు. మిగతాది నాలుగైదు షోలు చేశాక శరీరమే నేర్చుకుంటుంది.

ఎవరిని చూడాలి

మొదట్లో ద డోర్స్ బ్యాండ్ గాయకుడు జిమ్ మారిసన్ జనానికి వీపు చేసి పాడేవాడు. రాక్ గాయకుల్లో అంత పేరున్న మనిషికే ఎదురుగా చూడటం వెంటనే చేతకాలేదంటే మీకు టెన్షన్ రావడంలో వింతేముంది?

స్టేజీ లైట్లు ముఖం మీద పడితే మొదటి ఒకటి రెండు వరుసలు దాటి ఏమీ కనిపించదు. ఆ చీకట్లోనే మూడు చోట్లు ఎంచుకోండి. ఎడమ మూల, కుడి మూల, ఎదురుగా వెనక గోడ మీద తలలకి కాస్త పైన. ఒక లైన్ ఒక చోటికి పాడండి, తర్వాత లైన్ ఇంకో చోటికి. చిన్న గదిలో పదిమందే ఉంటే కళ్లలోకి కాకుండా కనుబొమల మధ్య చూడండి, వాళ్లకి తేడా తెలియదు. ముఖాలు పెట్టి నవ్వించే స్నేహితుడు ఒకడు తప్పకుండా ముందే నిలబడతాడు. అతని వైపు మాత్రం చూడకండి. కళ్లు మూసుకుని పాడటం ఒక లైన్‌కి అందంగా ఉంటుంది, పాటంతా అలాగే పాడితే మీరు లోపల ఉండి తలుపు వేసుకున్నట్టే.

మైక్ గురించి ఒక్క మాట. మైక్ తలని గుప్పిట్లో పట్టుకోవడం చూడటానికి బాగుంటుందని చాలామంది అలా పట్టుకుంటారు. మామూలుగా స్టేజీ మీద వాడే మైక్ వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తగ్గించేలా తయారవుతుంది. జాలీ చుట్టూ చెయ్యి మూస్తే ఆ గుణం పోతుంది, గొంతు బొంగురుగా మారుతుంది, మానిటర్ (మీ గొంతు మీకే వినిపించేలా స్టేజీ మీద మీ వైపు తిప్పి పెట్టే స్పీకర్) నుంచి కీచుమని ఫీడ్‌బ్యాక్ వస్తుంది. పిడి దగ్గరే పట్టుకోండి. పాడనప్పుడు చెయ్యి దించి మైక్‌ని మానిటర్ వైపు చూపించకండి.

పాటకీ పాటకీ మధ్య

మొదటి షోలు చాలావరకు కూలిపోయేది ఇక్కడే. పాట అయిపోతుంది, చప్పట్లు ఆగుతాయి, గిటారిస్ట్ వంగి ట్యూన్ చేసుకుంటాడు, డ్రమ్మర్ నీళ్లు తాగుతాడు, సింగర్ వెనక్కి తిరిగి "నెక్స్ట్ ఏది?" అని అడుగుతాడు. 7 పాటల సెట్‌లో 6 ఖాళీలు ఉంటాయి. ఒక్కోటి 40 సెకన్లు అనుకున్నా మొత్తం 4 నిమిషాలు. అంటే ఒక పాట అంత సేపు జనం మీ వీపులు చూస్తూ నిలబడతారు.

మేం చేసేది ఇది. పాటల్ని రెండేసి, మూడేసి చొప్పున జత కడతాం. జతలో మధ్య ఖాళీ ఉండదు. మొదటి పాట చివరి కార్డ్ ఇంకా మోగుతుండగానే డ్రమ్మర్ రెండో పాట బీట్ మొదలెడతాడు, లేదా నేను ఒక నోటు పట్టి ఉంచుతాను. ట్యూనింగ్ జత అయ్యాకే, అదీ ట్యూనర్ పెడల్‌తో. అది నొక్కితే శబ్దం బయటికి రాదు, మీటర్ చూసుకుంటే సరిపోతుంది. ఆ సమయంలో సింగర్ మాట్లాడతాడు. ఏం మాట్లాడాలో ముందే రాసుకుని, రిహార్సల్‌లో మైక్‌లో బయటికి అనాలి. మూడు వాక్యాలు చాలు. రెండో పాట తర్వాత ఒకసారి, ఆఖర్న ఒకసారి బ్యాండ్ పేరు చెప్పండి. ఆ కొన్ని సెకన్లలో మిగతావాళ్లెవరూ తీగ మీటకూడదు, స్నేర్ తట్టకూడదు.

"సారీ అండీ, ఇది మా ఫస్ట్ షో" అని మాత్రం అనకండి. అప్పటిదాకా పాట వింటున్న మనిషి ఆ మాటతో తప్పులు వెతకడం మొదలుపెడతాడు. సౌండ్ ఇంజనీర్‌తో మైక్‌లో సంభాషణ కూడా వద్దు. మీ గొంతు వినిపించకపోతే అతన్ని చూసి, మీ గొంతు వైపు వేలు చూపించి, తర్వాత మానిటర్ చూపించి, వేలు పైకి ఎత్తండి. అర్థం చేసుకుంటాడు.

1985 జూలై 13న వెంబ్లీ స్టేడియంలో లైవ్ ఎయిడ్ కచేరీలో క్వీన్ బ్యాండ్‌కి దక్కింది ఇరవై నిమిషాల పైచిలుకు సమయం. దాని కోసం ముందుగా ప్రత్యేకంగా రిహార్సల్ చేసుకుని వచ్చారు. పాటల మధ్య వాళ్ల గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పెద్దగా ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఒక చోట మాటలే లేకుండా గొంతుతో చిన్న చిన్న స్వరాలు అని, స్టేడియం మొత్తం చేత తిరిగి అనిపించాడు. ఖాళీని ఎలా వాడుకోవచ్చో చూడాలంటే ఆ వీడియోలో ఆ కాసేపు చూడండి.

ఏదైనా పాడైతే

నా రెండో షోలో మూడో పాట మధ్యలో నా కేబుల్ మీద నేనే కాలేశాను. జాక్ ఊడొచ్చింది. యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) పాడైందేమోనని వెనక్కి తిరిగి ఒక చరణం అంతా దాని బటన్లు తిప్పుతూ ఉండిపోయాను. ఇప్పుడు కేబుల్‌ని ముందు స్ట్రాప్‌కీ గిటార్‌కీ మధ్య నుంచి తీసి, తర్వాత జాక్ పెడతాను. కాలు పడినా లాగుడు స్ట్రాప్ మీద పడుతుంది, జాక్ కదలదు.

దీనికి బ్యాండ్ మొత్తం చేయగల అభ్యాసం ఒకటుంది. రిహార్సల్‌లో ఎవరో ఒకరు చెప్పకుండా పాట మధ్యలో వాయించడం ఆపేయాలి. మిగతావాళ్లు ఆగకూడదు, ఆగినవాళ్ల వైపు కంగారుగా చూడకూడదు. 2015 జూన్‌లో గోథెన్‌బర్గ్‌లో ఫూ ఫైటర్స్ బ్యాండ్ షోలో దాని గాయకుడు డేవ్ గ్రోల్ స్టేజీ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతనికి చికిత్స జరుగుతున్నంతసేపూ బ్యాండ్ వాయిస్తూనే ఉంది. తర్వాత అతను తిరిగొచ్చి కూర్చుని షో పూర్తి చేశాడు. కాలు విరిగితే మీరు ఆస్పత్రికే వెళ్లండి. నేను చెప్పేది ఆ వాయిస్తూ ఉండిపోయినవాళ్ల గురించి.

తప్పు నోటు పడితే ముఖం చిట్లించకండి. జనం వినని తప్పుని మీ ముఖమే వాళ్లకి చూపిస్తుంది.

ఆ రోజు

టెన్షన్ తగ్గించుకోవాలని చూడకండి. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు ప్రచురించిన అధ్యయనంలో, పాడే ముందు "నాకు ఆందోళనగా ఉంది" అన్నవాళ్ల కంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అన్నవాళ్లు మెరుగ్గా పాడారు. గుండె దడ రెండింటికీ ఒకటే, మీరు దానికి పెట్టే పేరు మారుతుంది. మా బ్యాండ్‌లో స్టేజీ ఎక్కే ముందు ఆ మాట నిజంగానే పైకి అంటాం. వేళ్లు చల్లబడితే గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచండి.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఆ దడలో పాట మామూలు స్పీడు కూడా నెమ్మదిగా అనిపిస్తుంది, తెలియకుండానే అందరూ పరిగెత్తిస్తారు. సింగర్‌కి ఊపిరి అందదు. కౌంట్ ఇచ్చే ముందు డ్రమ్మర్ ఆ పాట కోరస్‌ని ఒకసారి మనసులో పాడుకోవాలి. లైటు వెలిగే మెట్రోనోమ్ (తాళం వేగం చూపించే పరికరం) ఉంటే ఇంకా మంచిది.

సౌండ్ చెక్‌లో స్టేజీ అంచుల దాకా నడిచి చూడండి. లైటు ముఖానికి వెచ్చగా తగిలే చోటు మీ చోటు. సెట్‌లిస్ట్ (పాటల వరుస) తెల్ల కాగితం మీద నల్ల మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాసి కాలి దగ్గర అంటించండి. ఎర్ర ఇంకుతో రాస్తే ఎర్ర లైటు పడగానే అక్షరాలు మాయమవుతాయి.

మొదటి పాటగా మీ గొప్ప పాట కాదు, మీకు అన్నిటికంటే తేలికైన పాట పెట్టండి. స్టేజీ మీదకి వెళ్లాక ఎవరూ తీగలు మీటుతూ పరీక్షలు చేయొద్దు. ప్లగ్ పెట్టండి, ఒకరినొకరు చూసుకోండి, జనం వైపు తల ఎత్తండి, అప్పుడు కౌంట్. ఆఖరి పాటలో చివరి కార్డ్‌కి అందరి కళ్లూ డ్రమ్మర్ మీద ఉండాలి. ఒక్కసారిగా ఆపి, రెండు ఊపిరుల పాటు కదలకుండా నిలబడండి. చప్పట్లు అప్పుడే పెరుగుతాయి.

దిగాక సామాను త్వరగా పక్కకి తీసేయండి, తర్వాతి బ్యాండ్ ఎదురుచూస్తూ ఉంటుంది. కేబుళ్లు కింద చుట్టుకోవచ్చు. వీడియో రెండు రోజులాగి, సౌండ్ లేకుండా చూసి, తర్వాతి షోకి మార్చాల్సింది ఒక్కటే రాసుకోండి. నా పాత నోటుబుక్‌లో రెండో షో కింద ఒకే లైన్ ఉంది: "కేబుల్ ఊడినప్పుడు డ్రమ్మర్ వైపు చూడాల్సింది, తను నా వైపే చూస్తోంది."