మీ ఊరి మీదుగా గ్యాస్ పైపులైను వస్తోందా? ముందు ఏ అనుమతులు చూడాలంటే

పొలంలో సర్వే వాళ్లు జెండాలు పాతి వెళ్లారనగానే అందరూ అడిగేది పరిహారం ఎంతిస్తారని. అది అడగాల్సిందే, కానీ అంతకంటే ముందు ఈ లైనుకి ఏయే అనుమతులు కావాలో తేల్చుకోండి, ఎందుకంటే మీరు ఎవరికి, ఎన్ని రోజుల్లోపు రాయాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

గ్యాస్ లైను అంటే పర్యావరణ అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ తప్పకుండా ఉంటాయని చాలామంది నమ్మకం. అలా లేదు. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌ షెడ్యూల్లో 6(ఎ) కింద ఉన్నవి జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల మీదుగా వెళ్లే పైపులైన్లు. మామూలు వరి చేలు, కొబ్బరి తోటల మీదుగా పోతే ఆ అనుమతి అక్కర్లేదు. ఈ మినహాయింపు సరికాదనే నా అభిప్రాయం. 2014 జూన్ 27న కోనసీమలోని మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు, అది అభయారణ్యం కాదు, ఇళ్లూ కొబ్బరి తోటలూ ఉన్న ఊరు.

కాబట్టి ముందు రూటు మ్యాపు సంపాదించండి. పర్యావరణ మంత్రిత్వ శాఖ పరివేష్ వెబ్‌సైటులో కంపెనీ పేరుతోనో జిల్లా పేరుతోనో వెతకండి. కొన్ని దరఖాస్తులకు కేఎంఎల్ ఫైలు (మ్యాపు మీద లైను చూపించే ఫైలు) జత చేసి ఉంటుంది, దాన్ని గూగుల్ ఎర్త్‌లో తెరిస్తే లైను ఏ చెరువు పక్క నుంచి పోతోందో కనిపిస్తుంది. లైను రిజర్వు అడవిలోకి వెళ్తే అటవీ అనుమతి కావాలి. కొల్లేరు, కోరింగ లాంటి అభయారణ్యాన్ని తాకితే జాతీయ వన్యప్రాణి మండలి స్థాయి సంఘం ముందుకు వెళ్లాలి. సముద్ర తీరం, ఉప్పుటేరు, మడ అడవుల దగ్గర సీఆర్‌జడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలం) అనుమతి విడిగా ఉంటుంది.

ప్రజాభిప్రాయ సేకరణ పెడితే కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. ఈఐఏ నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరాఫీసు లాంటి చోట్ల పెట్టాలి, వెళ్లి అడిగి తీసుకోండి. సభలో ఆవేశంగా మాట్లాడి వచ్చేస్తే సరిపోదు, అదే విషయం కాగితం మీద రాసి కాలుష్య నియంత్రణ మండలికి కూడా ఇవ్వండి. మా ఊరు ఏ లొకేషన్ క్లాసులో ఉంది, అంటే ఇళ్ల సంఖ్యను బట్టి గొట్టం మందం ఎంత పెడుతున్నారు, గ్యాసుని ఆపే వాల్వు స్టేషను ఎంత దూరంలో ఉంది, గొట్టం లోపలి తుప్పుని ఎలా, ఎన్నాళ్లకోసారి పరీక్షిస్తారు అని సూటిగా అడగండి.

సభే లేని లైనైతే మీ చేతిలో ఉన్నది 1962 నాటి పైపులైన్ల చట్టం. మీ భూమిలో లైను వేసే హక్కు తీసుకోబోతున్నామని కేంద్రం ఇచ్చే సెక్షన్ 3(1) నోటిఫికేషన్ గెజిట్ కాపీలు ప్రజలకు అందుబాటులోకి వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపు కాంపిటెంట్ అథారిటీకి (ఈ పనికి కేంద్రం నియమించిన అధికారికి) రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టాలి. గెజిట్ షెడ్యూల్లో సర్వే నంబరు ఎదురుగా విస్తీర్ణం హెక్టార్లు, ఆర్‌లలో ఉంటుంది, ఒక ఆర్ అంటే దాదాపు రెండున్నర సెంట్లు. మీ 1బి, అడంగల్ పక్కన పెట్టుకుని సబ్‌డివిజన్ సహా సరిచూడండి. కౌలుదారుంటే పంట నష్టంలో అతని పేరు కూడా రాయించండి.

అభ్యంతరంలో "మాకు ఇష్టం లేదు" అని ఒక్క ముక్క రాస్తే పనికి రాదు. మురుగు కాలువ ఎక్కడ తెగుతుంది, బోరు ఎక్కడుంది, బడి ఎంత దూరం, ప్రత్యామ్నాయంగా ఏ డొంక వెంట పోవచ్చో స్కెచ్ గీసి ఇవ్వండి. కందకం తవ్వేటప్పుడు పైమట్టి వేరుగా పోసి, పూడ్చేటప్పుడు మళ్లీ పైనే వేయాలని కూడా అడగండి, లేదంటే అడుగునున్న చవుడు పైకొచ్చి లైను పోయిన ఆ పట్టీలో పంట సరిగా రాదు. వ్యక్తిగతంగా గానీ లాయరు ద్వారా గానీ వాదన వినిపించే హక్కు మీకుంది. ఆ పట్టీలో తర్వాత ఇల్లు కట్టడం, బావి తవ్వడం, చెట్లు నాటడం కుదరదు, భూమి మాత్రం మీ పేరు మీదే ఉంటుంది. చెట్లు, పంట నష్టం కాకుండా నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం ఇవ్వాలి, ఆ లెక్క నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు.

పర్యావరణ అనుమతి ఇచ్చాక దాన్ని సవాలు చేయాలంటే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్లో 30 రోజుల్లోపు అప్పీలు వేయాలి. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల వరకు ఆలస్యాన్ని ఒప్పుకుంటారు, ఆ పైన ఒక్క రోజు దాటినా తీసుకోరు.